చైత్రంలో నాటిన కుండీ వైశాఖానికి ఎందుకు ఎండుతోంది?

క్లుప్తంగా: పంచాంగం లెక్కలో వసంతం, వాతావరణ శాఖ లెక్కలో ఎండాకాలం. ఈ రెండూ ఒకే నెలల్లో పడడం వల్ల డాబాల మీద, బాల్కనీల్లో కొత్తగా నాటిన మొక్కలు ఏటా ఏప్రిల్, మే నెలల్లో దెబ్బతింటున్నాయి. నేలలోని మొక్క అంతగా ఎరుగని మూడు కష్టాలు కుండీ మొక్కకు ఉంటాయి: వేరు చుట్టూ వేడి, కొద్దిపాటి నీటి నిల్వ, పేరుకుపోయే ఉప్పు. ఎరువులు, మందుల కన్నా ముందు కుండీ పరిమాణం, దాని రంగు, పెట్టిన దిక్కు, నాటిన వారం ఫలితాన్ని తేలుస్తాయి.

ఒకే నెలలకు రెండు పేర్లు

ఉగాదికి ముందు రెండు మూడు వారాలు నర్సరీలకు మంచి గిరాకీ ఉంటుంది. మామిడి పిందెలు, వేప పూత, కోయిల కూత కలిసి ఇంట్లో కూడా ఒక పచ్చని మూల ఉండాలనే కోరిక పుట్టించే కాలమది. ఫోనులో కనిపించే తోటపని వీడియోలు కూడా వసంతమే నాటడానికి సరైన సమయమని చెబుతాయి. ఆ మాట యూరప్‌కూ అమెరికాలోని చలి ప్రాంతాలకూ నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల గడ్డకట్టిన స్థితి నుంచి మేలుకుంటుంది. ముందున్నది మూడు, నాలుగు నెలల మెత్తని ఎండ.

తెలుగు నేల మీద చైత్ర వైశాఖాల ముందున్నది వేరు. భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే వరకు ఉన్న మూడు నెలలను ఋతుపవనాలకు ముందరి వేసవిగా లెక్కిస్తుంది. హైదరాబాదులో సగటు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఫిబ్రవరిలో 32 డిగ్రీల దగ్గర ఉంటే, మార్చికి 35, 36కు, ఏప్రిల్‌కు 38కి చేరుతుంది. ఉగాది నాడు నాటిన నారు వేళ్లూనుకోవడానికి కనీసం మూడు వారాలు కావాలి. ఆ మూడు వారాలు గడిచేసరికి ఏప్రిల్ నడుస్తూ ఉంటుంది. మొక్క వయసు, ఎండ తీవ్రత ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి. ఇక్కడ కుండీల తోటకు అసలు వసంతం సంక్రాంతి నుంచి మహాశివరాత్రి దాకా ఉన్న కాలం. వేసవి కూరగాయల విత్తనాలు ఆ రోజుల్లో పడితే ఎండ ముదిరే నాటికి వేర్లు కుండీ నిండా అల్లుకుని ఉంటాయి.

వేరుకు వేడి ఎటునుంచి తగులుతుంది

నేలలో అడుగు లోతున పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా చాలా తక్కువ. పైన ఎంత ఎండ కాసినా ఆ వేడి మట్టి పొరలు దాటి కిందికి చేరేలోపే పొద్దు గుంకుతుంది. కుండీకి ఈ రక్షణ లేదు. దానికి పైనుంచి ఎండ, పక్కనుంచి ఎండ, కిందనుంచి కాలిన గచ్చు వేడి. ఏప్రిల్ మధ్యాహ్నం సిమెంటు డాబా ఉపరితలం 50 డిగ్రీలు దాటడం మామూలే. చెప్పులు లేకుండా నాలుగు అడుగులు వేయలేని ఆ గచ్చు మీదే కుండీ అడుగు రోజంతా ఆనుకుని ఉంటుంది.

చాలా కూరగాయ మొక్కల వేర్లు 20 నుంచి 30 డిగ్రీల మధ్య చురుకుగా పెరుగుతాయి. 35 దాటాక మందగిస్తాయి. 40 దాటి కొన్ని గంటలు అలాగే ఉంటే లేత వేరు కొసలు చావడం మొదలవుతుంది. ఎండకు ఎదురుగా ఉన్న నల్ల ప్లాస్టిక్ కుండీ గోడ పక్కన మట్టి 45, 50 డిగ్రీల దాకా వేడెక్కగలదు. దీనికి సాక్ష్యం కళ్లతోనే చూడవచ్చు. మే నెలలో వాడిపోయిన మొక్కను నల్ల కుండీలోంచి మట్టిగడ్డతో సహా నిలువునా బయటకు లాగితే, తూర్పు వైపు గోడకు ఆనుకుని తెల్లని వేర్లు వల అల్లినట్టు కనిపిస్తాయి. పడమర, నైరుతి వైపు అవే వేర్లు గోధుమరంగులో, పట్టుకుంటే పొట్టులా రాలిపోయేలా ఉంటాయి. మొక్క తనకున్న మట్టిలో సగమే వాడుకుంటోందన్నమాట.

మట్టి కుండీ ఇదే ఎండలో చల్లగా ఉండడానికి కారణం మంచినీళ్ల కుండను ఎరిగిన ఇళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కాల్చిన మట్టి గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటకు ఊరి ఆవిరవుతూ వేడిని తనతో తీసుకుపోతుంది. అయితే ఈ చల్లదనానికి వెల నీరే. ప్లాస్టిక్ కుండీకి రోజుకు ఒకసారి సరిపోతే మట్టి కుండీకి రెండుసార్లు పోయాల్సి రావచ్చు. పైగా ఈ ఏర్పాటు పొడిగాలి వీచే హైదరాబాదు, కర్నూలు, కరీంనగర్ వంటి చోట్ల బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, కాకినాడల్లో ఆవిరి కావడమే నెమ్మది కాబట్టి మట్టి కుండీకీ ప్లాస్టిక్‌కూ వేడిలో అంత తేడా కనిపించదు.

ఉన్న కుండీలను మార్చకుండానే ఈ వేడిని తగ్గించే చౌక పద్ధతులు పాతవే. బయటి గోడకు తెల్లసున్నం పూస్తే ఎండ తిరిగి వెళ్లిపోతుంది. రోడ్ల పక్క చెట్ల మొదళ్లకు సున్నం వేయడంలో ఉన్న ప్రయోజనాల్లో ఇదీ ఒకటి. రెండు ఇటుకల మీద కుండీని ఎత్తి పెడితే గచ్చు వేడి అడుగుకు నేరుగా తగలదు, నీరు కూడా సాఫీగా దిగుతుంది. కుండీలను విడివిడిగా కాకుండా గుంపుగా చేర్చి, పడమటి అంచున పెద్దవి, నడుమ చిన్నవి పెడితే ఒకదాని నీడ మరొకదానికి కాపు. చుట్టూ తడి గోనెసంచి కట్టినా అదే ఫలితం.

రోజుకు ఎన్ని లీటర్లు

కుండీకి ఎంత నీరు పోయాలన్న ప్రశ్నకు వచ్చే సలహాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి. ఒక చిన్న లెక్క ఈ గందరగోళాన్ని చాలావరకు తీరుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. దక్కన్ పీఠభూమి ఎండలకు తెరిచి ఉంచిన నీటి మట్టం రోజుకు 7, 8 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అర మీటరు వెడల్పున గుబురుగా పెరిగిన వంగ లేదా బెండ మొక్క కప్పే చోటు చదరపు మీటరులో ఐదో వంతు. అంటే ఆ మొక్క రోజుకు దాదాపు లీటరున్నర తాగుతుంది. వడగాలి వీచే రోజున, వేడి గచ్చు మీద, ఇంకొంచెం ఎక్కువే.

ఇప్పుడు కుండీ వైపు చూడాలి. 12 అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. అందులో వేరు పీల్చుకోగల నీరు ఐదో వంతు అనుకున్నా మూడు లీటర్లు. అది రెండు రోజుల ఖర్చు. ఆరు అంగుళాల కుండీ చూడడానికి సగమే చిన్నది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమవడం వల్ల మట్టి మాత్రం ఎనిమిదో వంతే, రెండు లీటర్లలోపు. వేరుకు అందే నీరు 400 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఒక అడుగు వెడల్పు ఆకులున్న చిన్న మొక్క కూడా రోజుకు అర లీటరు కోరుతుంది. ఉదయం నిండుగా పోసినా ఆ కుండీ సాయంత్రానికి ఎండక తప్పదు. జనవరిలో ఇదే మొక్క ఇందులో సగం నీటితో గడిపేస్తుంది కాబట్టి చలికాలమంతా హాయిగా ఉన్న చిన్న కుండీ మార్చి చివర హఠాత్తుగా మొరాయించినట్టు కనిపిస్తుంది. మారింది కుండీ కాదు, గాలి దాహం.

అలాగని అన్నీ పెద్ద కుండీలే పెడితే బరువు సమస్య వస్తుంది. 18 అంగుళాల కుండీకి 50 లీటర్ల మట్టి కావాలి. తడిసిన ఎర్రమట్టి అయితే అదొక్కటే 90 కిలోలు. కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువగా కలిపిన మిశ్రమమైతే దాదాపు సగం. మనుషులు ఎక్కి తిరిగే డాబా మీద పడే అదనపు బరువుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 పెట్టుకున్న లెక్క చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. పాత ఇంటి శ్లాబు మీద, నట్టనడుమ, పెద్ద తొట్లను వరుసగా పేర్చడం మంచిది కాదు. కింద గోడలు, దూలాలు ఉన్న అంచుల వెంట పెట్టడం క్షేమం.

నీరు పోసే వేళకూ ఈ లెక్కతో సంబంధం ఉంది. తెల్లవారుజామున పోసిన నీరు ఆ పగటి ఖర్చుకు సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం పోయాల్సి వస్తే పైపును గమనించాలి. డాబా మీద ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీరు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది. ఆ మొదటి రెండు మగ్గులను బకెట్‌లోకి వదలకుండా నేరుగా మొక్క మొదట్లో పోయడమంటే వేడినీళ్లు పోయడమే.

మట్టి తడిగా ఉన్నా ఆకు వాలడం

వసంతంలో ఎక్కువ మొక్కలు నీరు లేక చస్తాయనుకోవడం పొరపాటు. గణనీయమైన భాగం నీరెక్కువై చస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆకులు వాలి కనిపించగానే బకెట్ అందుకోవడం సహజం. కానీ ఆ వేళకు గాలి లాగే తేమను వేరు అంత వేగంగా అందించలేకపోతుంది. మట్టి తడిగా ఉన్నా ఆకు వాలుతుంది, చల్లబడ్డాక మళ్లీ నిలబడుతుంది. గుమ్మడి, సొర, బీర వంటి వెడల్పు ఆకుల పాదుల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అప్పటికే తడిగా ఉన్న కుండీలో ఇంకా నీరు పోస్తే మట్టిలోని గాలి గదులు మూసుకుపోతాయి. వేరు కూడా శ్వాసిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస దాదాపు రెట్టింపవుతుంది. మరోవైపు నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. అవసరం పెరిగిన సమయానికే సరఫరా తగ్గడంతో వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి ఆకు మరింత వాలుతుంది, దానికి జవాబుగా మరో చెంబు నీరు పడుతుంది. చనిపోయిన మొక్కను పీకినప్పుడు మట్టి ఇంకా తడిగా ఉండడం, మురుగు వాసన రావడం ఈ కథకు ఆఖరి ఘట్టం.

తేడా తెలుసుకోవడానికి మధ్యాహ్నం కాక సూర్యోదయాన చూడాలి. రాత్రంతా విశ్రాంతి తీసుకున్నాక కూడా ఆకు వాలే ఉంటే అది నిజమైన ఇబ్బంది. అప్పుడు వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూస్తే, పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరుకుళ్లు. చిన్న కుండీలను ఎత్తి చూడడం ఇంకా సులువు. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, మర్నాడు ఒకసారి ఎత్తి చూసిన చేతికి రెండు రోజుల్లో బరువు అలవాటవుతుంది.

అడుగున పెంకులు, పైన కొబ్బరిపొట్టు

కుండీ అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది దాదాపు ప్రతి ఇంట్లో ఉన్న నమ్మకం. రంధ్రం మీద ఒక పెంకు ముక్క వేస్తే మట్టి జారకుండా ఆగుతుంది, అంతవరకు సరే. రెండు అంగుళాల రాళ్ల పొర మాత్రం మేలు కన్నా కీడే చేస్తుంది. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని నీటిలో ముంచి అడ్డంగా పట్టుకుంటే కొంత నీరు కారి ఆగిపోతుంది. అదే స్పాంజిని నిలువుగా తిప్పగానే మళ్లీ ధార కడుతుంది. సన్నని రంధ్రాలున్న పదార్థం అడుగున కొంత ఎత్తు దాకా నీటిని వదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఎత్తు పదార్థాన్ని బట్టి ఉంటుంది, పాత్ర ఎత్తును బట్టి కాదు. మట్టి మిశ్రమమూ అంతే. కింద రాళ్లు వేసినప్పుడు ఆ తడి పొర రాళ్లలోకి దిగదు, రాళ్ల మీదికి జరుగుతుంది. వేరుకు మిగిలే గాలి ఆడే మట్టి ఆ మేరకు తగ్గుతుంది.

లోతు తక్కువ ఉన్న తొట్లు త్వరగా మురగడానికీ కారణం ఇదే. అడుగున మూడు అంగుళాలు చిత్తడిగా ఉండే మిశ్రమం 12 అంగుళాల కుండీలో పావు వంతు చోటే ఆక్రమిస్తుంది. ఆరు అంగుళాల తొట్టిలో అదే సగం. తోటకూర, మెంతి వంటి లోతు వేరు అక్కర్లేని ఆకుకూరలకు ఆ తొట్లు చాలు. వంగకూ మిరపకూ చాలవు.

కొబ్బరిపొట్టు తేలిక, నీటిని బాగా పడుతుంది, అందుకే డాబా తోటల్లో అంతగా వ్యాపించింది. ఐదు కిలోల ఇటుక నీటిలో నానితే 70 లీటర్లకు పైగా పొంగుతుంది. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టిన చోట తయారైన పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు మిగిలి ఉంటాయి. వాడే ముందు రెండు మూడు నీళ్లలో కడిగి పిండకపోతే లేత నారు ఆకు అంచులు మాడతాయి. రెండోది, పొట్టు పైపొర గంటల్లో ఎండి లేత గోధుమరంగుకు మారుతుంది. కింద అంతా ముదురు రంగులో తడిగానే ఉంటుంది. పైరంగు చూసి నీరు పోసే అలవాటు ఇక్కడ నేరుగా వేరుకుళ్లుకు దారి తీస్తుంది.

నర్సరీ మొక్కల విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దీని గురించి చర్చ తక్కువ. రెండు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే పూల మొక్కల్లో చాలా భాగం గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీల నుంచి వస్తాయి. ప్రయాణంలో వేరు కదలకుండా జిగటగా ఉండే ఒండ్రుమట్టి గడ్డతో వాటిని కవర్లలో పెంచుతారు. అక్కడి నేలకు, తేమకు అది సరైన పద్ధతి. ఆ గడ్డను అలాగే తెచ్చి వదులుగా ఉన్న కొబ్బరిపొట్టు మిశ్రమంలో దించితే, పోసిన నీరు వదులు మిశ్రమం గుండా జారిపోతుంది. గడ్డ లోపలి తడిని వేర్లు రెండు రోజుల్లో తాగేస్తాయి. ఒకసారి ఎండి బిగుసుకున్న జిగటమట్టి మళ్లీ సులువుగా తడవదు. కుండీ అంతా తడి, వేరున్న చోట రాయి. నాటే ముందు గడ్డను కవరుతో సహా బకెట్ నీటిలో బుడగలు రావడం ఆగేదాకా ముంచి, చుట్టూ ఉన్న మట్టిని వేళ్లతో కొంత సడలించి, మిశ్రమంలో మూడో వంతైనా ఎర్రమట్టి కలిపితే ఈ అంతరం తగ్గుతుంది. ఈ పని ఫిబ్రవరిలో చేస్తే మొక్క తట్టుకుంటుంది. ఏప్రిల్‌లో వేరు కదిపితే తట్టుకోవడం కష్టం. కొన్న కవరులోనే నీడన ఉంచి తొలకరి దాకా ఆగడం మేలు.

ఏ దిక్కు బాల్కనీకి ఏ ఎండ

రోజుకు ఆరు గంటల ఎండ కావాలని విత్తనాల ప్యాకెట్ల మీద ఉంటుంది. ఏ ఆరు గంటలన్నది ఉండదు. తూర్పు బాల్కనీకి ఉదయం 7 నుంచి 11 దాకా పడే ఎండ చల్లని గాలితో కలిసి వస్తుంది. పడమటి బాల్కనీకి 2 నుంచి 6 దాకా పడే ఎండ గాలి అత్యంత వేడిగా ఉన్న వేళ వస్తుంది, వెనుక గోడ ఆ వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. గంటలు సమానం, మొక్కకు అందే అనుభవం సమానం కాదు.

అందరినీ తికమకపెట్టేది దక్షిణపు బాల్కనీ. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పైశ్లాబు పది అడుగుల ఎత్తున ఉన్న బాల్కనీలో ఆ ఎండ ఎనిమిది అడుగులకు పైగా లోపలికి వస్తుంది. మార్చి 21 నాటికి సూర్యుడు 72 డిగ్రీలకు ఎక్కుతాడు, ఎండ మూడు అడుగులకు తగ్గుతుంది. ఏప్రిల్ 20కి ఒక్క అడుగు. అదీ పిట్టగోడ అడ్డు లేకపోతేనే. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నడినెత్తిన నిలిచి నిటారు స్తంభానికి నీడే లేకుండా చేస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే. జనవరిలో దక్షిణపు బాల్కనీలో విరగబూసిన గులాబీ ఏప్రిల్‌లో మొగ్గ తొడగకపోవడానికి ఎరువు లోపం కారణమని భావించి రకరకాల పొడులు వేయడం చూస్తుంటాం. నిజానికి దాని మీద ఎండ పడడమే మానింది. కుండీని అంచుకు జరపడం, పిట్టగోడ ఎత్తుకు ఒక స్టాండు మీద పెట్టడం దానికి సరైన మందు.

తెరిచిన డాబా మీద పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ ఎండను తగ్గించాలి. సగం ఎండను ఆపే షేడ్ నెట్‌ను మార్చి రెండో వారానికి కట్టడం ఉత్తమం. ఏడెనిమిది అడుగుల ఎత్తున, పక్కలు తెరిచి కడితే వేడిగాలి బయటికి పోతుంది. మొక్కల తలలకు తగిలేలా కిందికి కడితే నెట్ కిందే ఉక్క పోస్తుంది.

టమాటా పూత ఎందుకు రాలుతుంది

వసంతంలో కుండీలో పెట్టే కూరగాయల్లో మొదటిది టమాటా, నిరాశపరిచేదీ అదే. పగలు 34, 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా 24కు దిగకపోతే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పువ్వు పూస్తుంది, పిందె కట్టదు, కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. ఇది ఆ మొక్క స్వభావం. ఏ ద్రావణం పిచికారీ చేసినా రాత్రి చల్లబడదు. వేసవి టమాటాకు మదనపల్లె ప్రాంతం పేరు పొందడానికి ఉన్న కారణాల్లో ఎత్తు ముఖ్యమైనది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో రాత్రులు మైదాన ప్రాంతాల కన్నా చల్లగా ఉంటాయి. హైదరాబాదు డాబా మీద ఆ రాత్రిని సృష్టించలేం. డిసెంబరులో నాటిన టమాటా మార్చి దాకా కాసి ముగిస్తే దానికి దక్కవలసినది దక్కినట్టే.

కొత్తిమీర, పాలకూర కూడా ఎండ ముదరగానే ఆకు మాని పూతకు పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో బజారులో కొత్తిమీర కట్ట ధర ఎక్కడానికి మూలం ఇదే. ఈ కాలం బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, దోసలది. ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, బచ్చలిది. వేడి వీటికి పుట్టింటి వాతావరణం. బీర, కాకరల ఆడ మగ పువ్వులు వేరు కాబట్టి తేనెటీగలు రాని ఎత్తైన అపార్టుమెంట్లలో మగపువ్వును తుంచి ఆడపువ్వుకు తాకించాల్సి వస్తుంది. బీర సాయంత్రం పూస్తుంది, కాకర ఉదయం. వేళ తప్పితే ఆ శ్రమ వృథా.

పూలలో వసంతానికి అసలు యజమాని మల్లె. డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీరు తగ్గించిన మల్లె కుండీ మార్చి నుంచి మొగ్గలతో నిండుతుంది. కత్తిరించని మల్లె ఆకుతో పచ్చగా ఉంటుంది తప్ప పూయడానికి కొత్త కొమ్మ ఉండదు. బిళ్ళగన్నేరు, గడ్డి గులాబీ, కాగితపు పూల మొక్క ఎండను ఇష్టపడతాయి. కాగితపు పూల మొక్కకు నీరు కాస్త తగ్గించినప్పుడే రంగు ఎక్కువ. చామంతి, పెటూనియాలు చలికాలపు అతిథులు. మార్చిలో వాటిని పూలతో కొనడమంటే వీడ్కోలుకు కొనడమే.

కోస్తాలో ఈ లెక్క కొంచెం మారుతుంది. సముద్రపు గాలి వల్ల విశాఖలో పగటి ఎండ లోపలి జిల్లాలంత మండదు, మొక్క వాడడం తక్కువ. తేమ వల్ల ఆకుమచ్చ తెగుళ్ల భయం ఎక్కువ. అక్కడ కుండీల మధ్య ఎడం ఉంచి గాలి ఆడనివ్వాలి. గుంపుగా చేర్చమన్న సలహా దక్కన్‌కు, రాయలసీమకు మాత్రమే వర్తిస్తుంది. పురుగుల్లోనూ అదే తేడా. పొడి ఎండకు ఎర్రనల్లి, తామర పురుగులు విజృంభిస్తాయి. ఆకు అడుగున ఉదయం వేళ నీటిని గట్టిగా చిమ్మడం చాలావరకు సరిపోతుంది. వేపనూనె మిట్టమధ్యాహ్నం కొడితే పురుగు కన్నా ముందు ఆకు మాడుతుంది.

తెల్లని పొర వెనుక

వేసవి గడిచే కొద్దీ మట్టి కుండీల బయట, మట్టి మీద తెల్లని పొర కడుతుంది. బోరు నీటిలో కరిగి వచ్చిన లవణాలవి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నేలలోనైతే అది కిందికి దిగిపోయే వీలుంది. కుండీలో రోజూ కొంచెం చొప్పున పేరుకుంటూ పోతుంది. కఠిన జలంలోని బైకార్బొనేట్లు మట్టిని క్షార గుణానికి తిప్పడంతో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం దాని గుర్తు. మందారలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటి నీటిశుద్ధి యంత్రం వదిలే వ్యర్థజలాన్ని పారబోయలేక కుండీలకు పోయడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటు. నీటిని వృథా చేయకూడదన్న ఉద్దేశం గౌరవించదగినది. అయితే ఆ యంత్రం తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ వ్యర్థజలంలోకే. మూల నీరు కఠినమైతే అది ఇంకా చిక్కనవుతుంది. గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి వాడి, బియ్యం, పప్పు కడిగిన నీటిని మొక్కలకు ఇవ్వడం మెరుగైన పంపకం. బోరు నీరే దిక్కైన చోట పదిహేను రోజులకొకసారి అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా నీరు పోసి, ఆ కారిన నీటిని కింది పళ్లెంలో నిలవనివ్వకుండా తీసేయాలి. నిలిస్తే ఉప్పు తిరిగి పైకి ఎక్కుతుంది, పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీటిలోనే. ఎరువుకూ ఇదే నియమం వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఘాటైన రసాయన ఎరువు మరింత ఉప్పు వేసినట్టే. గుప్పెడు వర్మీ కంపోస్టు చాలు.

న్యూజెర్సీలో అదే గోంగూర

అమెరికాలోని తెలుగు ఇళ్ల వెనుక వసారాల్లో ఇవే విత్తనాలు ఇంకో వసంతాన్ని చూస్తాయి. అక్కడి లెక్క ఆఖరి మంచు తేదీతో మొదలవుతుంది. డాలస్ ప్రాంతంలో అది సగటున మార్చి మధ్యలో ముగుస్తుంది, న్యూజెర్సీలో ఏప్రిల్ చివరి దాకా భయం ఉంటుంది. గోంగూర, బెండ విత్తనాలు చల్లని మట్టిలో మొలవకుండా కుళ్లిపోతాయి. ఇక్కడ వేరును కాల్చే నల్ల కుండీ అక్కడ వరమవుతుంది. నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడే ఎండను పీల్చి మట్టిని వెచ్చబరిచి, మొలకను రెండు వారాలు ముందుకు తెస్తుంది. చలికాలమంతా కిటికీ దగ్గర దాచిన కరివేపాకు మొక్కను బయట పెట్టడానికి రాత్రులు పది డిగ్రీలు దాటేదాకా ఆగుతారు, మొదటి వారం నీడలోనే ఉంచుతారు. హైదరాబాదులో నర్సరీ నీడ నుంచి తెచ్చిన మొక్కకు కూడా కావలసింది సరిగ్గా ఆ వారం రోజుల నీడే. అక్కడ కరివేపాకు మీద ఇంకో నియమం ఉంది. నిమ్మజాతి తోటలను ఎండగొట్టే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి, టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి చోట్ల నుంచి ఆ మొక్కను తరలించడం మీద ఆంక్షలున్నాయి.

రోహిణి నుంచి మృగశిరకు

రోళ్లు పగులుతాయని పేరున్న రోహిణి కార్తె మే చివరి వారంలో మొదలవుతుంది. అప్పటిదాకా నిలిచిన మొక్కను ఆ రెండు వారాల్లో కదపకూడదు, కత్తిరించకూడదు, ఎరువు వేయకూడదు. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, నీరు తప్పకుండా ఇస్తే చాలు. ఆకులు కొన్ని రాల్చుకుని చిన్నబోయినట్టు కనిపించినా వేరు బతికి ఉంటే అది నష్టం కాదు. ఖర్చు తగ్గించుకోవడం మొక్కకు తెలిసిన విద్య. వర్షాకాలపు వంగ, మిరప, టమాటా గింజలను నీడలో నారు ట్రేలలో చల్లడానికి ఇదే సమయం, 25 నుంచి 35 రోజులకు నాటడానికి వస్తాయి.

జూన్ రెండో వారానికి మృగశిర వస్తుంది. తొలి పెద్ద వానకు షేడ్ నెట్‌ను పక్కకు లాగి కుండీలను తెరిచి ఉంచితే, నాలుగు నెలలుగా పేరుకున్న ఉప్పును లవణాలు లేని ఆ నీరు కడిగేస్తుంది. అడుగు రంధ్రం నుంచి మొదట డికాక్షన్ రంగులో కారే నీరు వాన సాగే కొద్దీ పలచబడి తేటపడుతుంది. తేటపడిన మర్నాడు నారు నాటవచ్చు.